తెలియని చేతికి పోయినదేదైనా

సాయంత్రం కూలరుకు కొత్త గడ్డి కట్టించి నీళ్ళు పోశాం. ఎండిన గడ్డి మొదటిసారి తడిసినప్పుడు వచ్చే పచ్చి వాసన గదంతా నిండింది. కల్లూరులో పగలంతా కాగిన గోడల మధ్య ఆ వాసన వస్తే ఎవరికైనా ప్రాణం లేచి వస్తుంది. నాకు మాత్రం కడపలోని మా చిన్న ఆఫీసు, అక్కడ కూలరుకు ఎదురుగా కొంగు భుజం నిండా కప్పుకుని కూర్చునే మెహర్ మేడం గుర్తొచ్చారు. బాబు నిద్రపోయాడు. ఆమె గురించి రాయాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటూ, ఓపిక లేక వాయిదా వేస్తూ వచ్చాను. ఓపిక ఈ రోజూ లేదు. అయినా రాస్తున్నాను.

ఆమె పూర్తి పేరు మెహరున్నీసా. సొంత ఊరు మైదుకూరు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా జట్టుకు పెద్ద ఆమే. మేము చేసేది కంపైలరు. అంటే మనుషులు రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాము. అందులో ఎస్కేప్ అనాలిసిస్ అనే భాగం ఒకటుంది. కాలేజీలో దాని మీద పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, అదేమిటో అర్థమైంది మాత్రం మేడం తన టిఫిన్ క్యారియరు మూత తీసి నా ముందు పెట్టిన రోజునే. ఆ మూత మీద వాళ్ళమ్మ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది.

“పొయ్యి కాడ ఉండే గిన్నెకు పేరెందుకు పాపా? కడిగి బోర్లిస్తే అయిపాయె. పండగనాడు సేమియా పోసి పక్కింటికి పంపిచ్చే గిన్నెకే పేరు. అది యాడ తిరుగుతాదో, ఎప్పుడొస్తాదో మనకేం తెలుసు?”

“పక్కింటివాళ్ళు తిరిగి ఇచ్చేస్తారు కదా మేడం.”

“ఇస్తారు. ఇయ్యకముందు దాంట్లో వడియాలు పోసి వాళ్ళ కూతురింటికి పంపిస్తే? మా అమ్మ గిన్నె ఒకటి పొద్దుటూరు దాకా పోయి, ఆడనే కాపురం చేస్తాండాది.”

ప్రోగ్రాములోనూ అంతే. ఒక ఫంక్షను, అంటే ప్రోగ్రాములో ఒక పని చేసిపెట్టే ముక్క, తన పనికోసం చేసుకున్న వస్తువును, పని ముగియగానే ఖాళీ అయిపోయే చోట ఉంచితే చవక. కానీ ఆ వస్తువు చిరునామాను, అంటే పాయింటరును, బయటివాళ్ళ చేతికి ఇస్తే ఆ తర్వాత కూడా వస్తువు బతికి ఉండాలి. అందుకు ఖర్చెక్కువైన చోటు కావాలి. ఏది లోపలే ఉంటుంది, ఏది బయటికి పోతుంది అని ముందుగా తేల్చడమే మా పని. బయటికి పోయినదాన్ని లోపలే ఉందని పొరబడితే, తర్వాత ఎవరో దాన్ని తీసి చూసేసరికి అక్కడ చెత్త ఉంటుంది. అందుకని మేడం తన కోడును ఒక సూత్రం మీద నిలబెట్టారు: తెలియని చేతికి ఇచ్చినదేదైనా బయటికి పోయినట్టే లెక్క.

బాబు పుట్టాక నేను కల్లూరులోని మా ఇంటి నుంచే పనిలోకి తిరిగి వచ్చాను. అప్పటికి షుగరు వల్ల మేడం చూపు బాగా తగ్గి, ఉద్యోగం మానేశారు. ఆమె రాసిన ఆ భాగాన్ని రీఫ్యాక్టరింగ్ చేసే పని నాకు వచ్చింది. ఏళ్ళ తరబడి పెరిగి ఎవరూ ముట్టుకోవడానికి సాహసించని ఒకే ఒక పెద్ద ఫంక్షను అది. దాన్ని ముక్కలుగా విడగొట్టాలి, కానీ అది ఇచ్చే జవాబు ఒక్కటీ మారకూడదు. నెలాఖరుకు కాకపోతే ఆ పని వేరే జట్టుకు పోతుందని, అప్పుడు నాకు చోటుండదని కొత్త మేనేజరు మర్యాదగానే చెప్పారు. మా ఆయన పొద్దున డ్యూటీకి పోతే చీకటి పడ్డాకే రావడం. బాబును ఒళ్ళో పెట్టుకుని ఒక చేత్తో టైపు చేసేదాన్ని. ఎవరైనా ఎత్తుకుంటామన్నా ఇచ్చేదాన్ని కాదు. ఎవరి చేతిలో చూసినా జారిపోతాడనే అనిపించేది.

కోడు మేడానికి కనిపించదు కాబట్టి ఫోనులో చదివి వినిపించేదాన్ని. “చదువు, వింటాండా,” అనేవారు. ఒకరోజు మధ్యలో ఆపారు.

“ఆ లూపు యాడబోయింది?”

“తీసేశాను మేడం. ఒకసారి చూసినదాన్నే మళ్ళీ మళ్ళీ చూడటం దండగనిపించింది. టెస్టులన్నీ పాసయ్యాయి.”

“గిన్నె పక్కింటికి పోవడం నువ్వు చూసినావు. పక్కింటి నుంచి పొద్దుటూరికి పోయింది ఎవరు చూస్తారు, మీ నాయనా?”

ఇక కొత్తగా తేలేదేమీ లేదనేదాకా మళ్ళీ మళ్ళీ చూడటానికే ఆ లూపు ఉంది. ఆమె గొంతు తగ్గించారు. “సర్దేటప్పుడు సర్దు పాపా, మార్చేటప్పుడు మార్చు. రెండూ ఒక్కతూరే చేస్తే యాడ చెడిందో దేవునికి గూడా తెలీదు.”

లూపును తిరిగి పెట్టాను. కానీ పని ముందుకు సాగలేదు. బాబుకు జ్వరం వచ్చింది, నాకూ వచ్చింది. ఒక మధ్యాహ్నం మేడానికి ఫోన్ చేసి రాజీనామా చేస్తున్నానని చెప్పాను.

“పక్కింట్లో ఎవరుండారు?” అని అడిగారు.

“ఎవరో గోవిందమ్మట, జాకెట్లు కుడుతుంది. నాకు పరిచయం లేదు.”

“అయితే?”

“తెలియని చేతికి పోతే పోయినట్టే అని రాసింది మీరే కదా మేడం!” ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఆమె నవ్వారు. ఆ నవ్వుకు నాకు కోపం కూడా వచ్చింది. “నేనే రాసినా. కంపైలరుకు కాళ్ళు లేవు మ్మే, పోయి చూసి రాలేదు. అందుకే దానికట్లా రాయాల్సొచ్చె. నీకుండాయి కదా, పో. బిడ్డను ఈ పొద్దే ఇయ్యమని చెప్పలేదు. పోయి కూర్చో, చూడు.”

వెళ్ళాను. బాబును చంకనేసుకుని గోవిందమ్మక్క గడపలో కూర్చున్నాను. మరునాడూ కూర్చున్నాను. సూదుల డబ్బా ఎక్కడ పెడుతుందో, ఇస్త్రీపెట్టె వైరు ఎటు పోతుందో, మనవరాలు మారాం చేస్తే ఏమంటుందో చూస్తూ ఉన్నాను. ఆమె మిషను తొక్కడం ఆపి నావైపు చూసింది.

“ఏందిమ్మా, ఇల్లు తనిఖీ చేసేకి వచ్చినావా?”

సిగ్గుతో తల దించుకున్నాను.

“చెయ్యి చెయ్యి. నా కోడలు గూడా కాపురానికి వచ్చేటప్పుడు ఇంత చూడలా,” అని నవ్వి, లేచి చేతులు కడుక్కుని వచ్చి, తడి చేతులను కొంగుకు తుడుచుకుని వాడి కోసం చాపింది. ఆ చేతులు కడుక్కోవడం చూశాక ఇచ్చాను. ఇచ్చి ఇంటికి వచ్చి, పని చేయకుండా గోడకు చెవి ఆనించి నిలబడ్డాను. మర్నాడు పని చేశాను.

నెలాఖరులోపే ముక్కలన్నీ కుదిరాయి, జవాబు ఒక్కటీ మారలేదు. ఆ సాయంత్రం బాబును తెచ్చుకోబోతే వాడు నన్ను చూసి నవ్వి, మళ్ళీ గోవిందమ్మక్క మెడలోనే తల దాచుకున్నాడు. ఉద్యోగం నిలిచింది, మనసు చివుక్కుమంది. రెండూ మేడానికి చెప్పాను. మొదటిదాని గురించి మాత్రమే ఆమె ఒక ప్రశ్న వేశారు. “నేను రాసిందాంట్లో ఏమన్నా మిగిలిందా?”

“లూపు ఉంది మేడం. దాన్ని తాకలేదు.”

“చాల్లే,” అన్నారు. ఆ చలికాలంలోనే పోయారు. కడపకు వెళ్ళి వచ్చాను. గది నిండా బంధువులు. నేనెవరో వాళ్ళకు తెలియదు.

రేపు బాబును మొదటిసారి బడికి పంపాలి. ఈ పొద్దున ఒక్కదాన్నే వెళ్ళి చూసి వచ్చాను. గేటు గడియ, నీళ్ళ కుండ, పిల్లలతో ఆయమ్మ మాట్లాడే తీరు, అన్నీ చూశాను. బాగానే ఉన్నాయి. అయినా నిద్ర రావడం లేదు. భయం పోతుందని మేడం నాకెప్పుడూ చెప్పలేదు. భయమేసినప్పుడు ఇంట్లో కూర్చోకుండా చెప్పులు వేసుకుని వెళ్ళి చూసి రావడం ఆమె దగ్గర నేర్చుకున్నాను. చూసి వచ్చాక చెయ్యి వదలడం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.