నాంపల్లి వెంట్రుకలు

ఎప్పుడు ఊరికి పోయినా నాంపల్లిల నేను కటింగ్ చేయించుకునే సెలూన్ నుంచి కత్తిరించిన వెంట్రుకలు సంచి నిండ తీస్కపోయేటోణ్ణి. మక్కచేను చుట్టు చల్లితే మనిషి వాసనకు అడవి పందులు రావని బాపు నమ్మకం. చంపుడంటే ఆయనకు ఇష్టముండేది కాదు. ఈ యేడు పందులు ఆ వాసనకు సుత అలవాటుపడ్డయి. సగం చేను పోయినంక ఊరోళ్లు పర్మిషన్ తీసుకొని తుపాకి షికారిని పిలిపించిన్రు. ఒక పంది మా గట్టు మీదనే పడ్డది. ఫారెస్టోళ్ల రూలు ప్రకారం తినకుండ పూడ్చిపెట్టినం.

సోమవారం అబిడ్స్ ఆఫీసుల పంది ముచ్చట చెప్తే అందరిది ఒకటే మాట: "కూర తేలేదా?"

ఒళ్లు మండింది. పూడ్చే ముందు బాపు దాని మూతికంటిన వెంట్రుకలు ఏరుకుంట, "గింత భయపెట్టినా ఇనకపోతివి గదా బిడ్డా" అన్నడని వాళ్లకెట్ల చెప్పాలె?