నాయనకు పడిన గ్రేడు

అప్పట్లో నాకు లోకమంతా మూడు కుప్పలుగానే కనపడేది: మొదటి గ్రేడు, రెండో గ్రేడు, గుజ్జు ఫ్యాక్టరీకి పోయేది. చిత్తూరు మామిడి మండీలో కాయలు వేరుచేసే పని నాది. చేరి నిండా రెండు కాపులు కాలేదు గానీ, దేన్ని చూసినా దాని జాతకం చెప్పగలనని నమ్మకం. (అక్కకు వచ్చిన సంబంధాలకూ గ్రేడ్లు వేసి తన్నులు తిన్నాను.) నాయనకు చెవి కింద గడ్డ లేచినప్పుడు గవదబిళ్లలని తేల్చి, సున్నమూ బెల్లమూ పట్టు వేయిస్తూ నెలలు గడిపిందీ నేనే. ఆ పాపం నాది.

చివరికి తిరుపతిలో ముక్క తీసి పరీక్ష చేశారు. డాక్టరమ్మ పిలిచేలోగా, ఆసుపత్రి వరండాలో కూర్చుని రిపోర్టు విప్పాను. లాలాజల గ్రంథి క్యాన్సర్ అన్న దగ్గరే నాలుక ఎండిపోయింది. కింద 'లో గ్రేడ్' అని ఉంది. ఆ కింద ఏవో రిసెప్టర్లట, వరసగా అన్నీ నెగటివ్. లో గ్రేడ్ కాయను నేను ఏ కుప్పలోకి విసురుతానో నాకు తెలుసు.

"ఏమని ఉండాదిరా?" అన్నాడు నాయన.

"ఏంలే నాయనా. మామూలే."

"మామూలుకు అట్లా చెమట పడతాదా?"

నీళ్లు తెస్తానని లేచి, మెట్ల కింద నిలబడి నగరిలో ఉన్న అక్కకు ఫోన్ చేశాను. "నాయనది లో గ్రేడంటక్కా, అన్నీ నెగటివే" అన్నాను. ఆమెకు నా ఏడుపు తప్ప ఏమీ అర్థం కాలేదు. అదే చాలు, ఆమె కూడా మొదలుపెట్టింది.

లోపలికి పిలిచాక, డాక్టరమ్మ పలకరించకముందే చేతులు జోడించాను. "మేడమ్, ఎంత కష్టమైనా సరే, ఆయన్ని హై గ్రేడుకు తెచ్చేయండి. ఆ నెగటివుల్లో ఒకటి రెండన్నా పాజిటివ్ చేయండి."

ఆమె కళ్లజోడు తీసి నాయన వైపు తిరిగింది. "మీవాడు ఏం పని చేస్తాడు?"

"మామిడికాయలకు గ్రేడు వేస్తాడు మేడమ్. మండీలో ఇంకా ఎందుకు పెట్టుకోనుండారో నాకూ తెలీదు."

ఆమె నవ్వాపుకుని చెప్పింది. గ్రేడు అంటే ఆ గడ్డ ఎంత దుడుకుదో చెప్పే మాట. తక్కువ ఉండటమే మనకు కావాలి. రిసెప్టర్లు ఉంటే వాటిని పట్టుకుని పనిచేసే మందులు కొన్ని ఉంటాయి. ఈ రకం గడ్డలో రిసెప్టర్లు మామూలుగా ఉండవు, ఆ మందుల అవసరమూ ఇప్పుడు లేదు. ఆపరేషన్ చేయాలి. క్యాన్సర్ అన్న మాటను మాత్రం ఆమె కొట్టేయలేదు. ముఖాన్ని కదిలించే నరం ఆ గడ్డ పక్కనుంచే పోతుందనీ, దాన్ని తప్పించి కోయాలనీ అన్నప్పుడు, నాయన తల వంచుకుని తన బుగ్గ తడుముకున్నాడు. రోగం ఆయనదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. అంతసేపూ ఆయనే నన్ను కనిపెట్టుకుని ఉన్నాడు.

ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు నాయన మూతి ఒక పక్కకే నవ్వింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ నా గొంతుతో 'హై గ్రేడుకు తెచ్చేయండి మేడమ్' అని చెప్పి, ఆ సగం మూతితోనే నవ్వేవాడు. నేను పెరట్లోకి పారిపోయేవాణ్ని. మెల్లగా రెండో పక్క కూడా లేచింది.

ఇప్పటికీ చెకప్‌కు పోయిన రోజు నాకు అరచేతులు చెమరుస్తాయి. నాయన ఓరగా చూసి, "ఏమప్పా, ఈరోజన్నా ఆయమ్మను ముందు మాట్లాడనిస్తావా?" అంటాడు. అలాగేనంటాను. ఆ వరండాలో రిపోర్టు పట్టుకుని కూర్చున్న కుర్రాడు, అప్పటి నేను, ఎదురుపడితే, తిట్టబుద్ధి కాదు. పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేయాలనిపిస్తుంది.