యాదలక్ష్మి అరుగు

మెదక్‌లో మా గల్లీ ఆడవాళ్లంతా బీడీలు చుట్టడానికి యాదలక్ష్మి ఉండే కిరాయి ఇంటి అరుగు మీదే చేరేవారు. ఒళ్లో చేట, చేటలో తంబాకు, నోట్లో ఊళ్లో వాళ్ల ముచ్చట్లు. మొగుడు పోయాక ఆమెకు మిగిలిన లోకం ఆ అరుగే.

చిన్నప్పటి నుంచి తునికాకు చుట్టీ చుట్టీ ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో మిషన్ ఆమె వేలిని ఓ పట్టాన పట్టదు. తుడుచుకొని పెట్టు, ఇంకో వేలు పెట్టు, మళ్లీ పెట్టు. వెనక లైన్లో వాళ్లు గొణుగుతుంటే తల కొట్టేసినట్టు నిలబడేది. వేళ్లు అరిగిందీ ఆమెకే, సిగ్గుపడాల్సిందీ ఆమేనట. ఇదెక్కడి న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు.

అందుకే బస్టాండు దగ్గర గొడుగు కింద సిమ్‌కార్డులు అమ్మే ఎల్లేష్ ఆమెకు దేవుడిలా కనిపించాడు. సిమ్ కోసం పోయి వేలు పెడితే విసుక్కోలేదు. స్టూలు వేసి కూర్చోబెట్టాడు.

"పడ్తలేదమ్మా, ఇంకొక్కసారి పెట్టుండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి, మెల్లగ పెట్టుండ్రి."

నిజానికి వేలు పడుతూనే ఉంది. పడినప్పుడల్లా ఆ దొంగవెధవ ఆమె పేరు మీద ఇంకో సిమ్ తీసుకున్నాడు. ఫొటో సరిగ్గా రాలేదని అదీ మళ్లీ మళ్లీ తీశాడు.

ఆమె సంబరంగా వచ్చి అరుగు మీద చెప్పింది. "పోరడు మస్తు మంచోడే. జర గూడ కసురుకోలే. మీరు గూడ సిమ్ ఆడ్నే తీస్కోండ్రి." తనే వెంటబెట్టుకొని పోయింది కూడా. అందరివీ అరిగిన వేళ్లే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ సిమ్‌లతో ఎవరో పోలీసులమంటూ ఫోన్లు చేసి, ముసలివాళ్లను బెదిరించి, బ్యాంకుల్లో ఉన్నదంతా ఊడ్చేశారు. కొన్నాళ్లకు అసలు పోలీసులు గల్లీలోకి వచ్చి అందరినీ స్టేషన్‌కు తీసుకుపోయారు. సిమ్‌లు ఎవరు ఇప్పించారని ఎస్సై గద్దించాడు. రోజూ యాదలక్ష్మి పక్కనే కూర్చొని, ఆమె పెట్టిన చాయ్ తాగందే చేట ముట్టని సువర్ణ ముందుకొచ్చింది.

"ఇగో, గీమెనే తోల్కపోయింది సార్. వానితాన కమీషన్ గూడ తీస్కుంది."

"ఏందే సువర్ణా! నేనెప్పుడు తీస్కున్ననే?"

సువర్ణ అటు చూడలేదు. మిగతావాళ్లు ఒక్కొక్కరే అవునని తలూపారు. కమీషన్ మాట పచ్చి అబద్ధమని అందరికీ తెలుసు. తాము బయటపడితే చాలు, అంతే. వాళ్లను ఇళ్లకు పంపేసి యాదలక్ష్మిని వారాల తరబడి స్టేషన్ చుట్టూ తిప్పారు.

ఎల్లేష్ దొరికాక నిజం తేలింది. ఎస్సై గల్లీకొచ్చి అందరి ముందూ చెప్పాడు. "ఈమె తప్పేం లేదు. పైస గూడ తీస్కోలే. మీరెందుకట్ల చెప్పిండ్రమ్మా?"

ఒక్కొక్కరే ఇళ్లలోకి పోయి తలుపులు వేసుకున్నారు.

మర్నాడు యాదలక్ష్మి అరుగు కడిగి, చాయ్ పెట్టి ఎదురుచూసింది. ఒక్కరూ రాలేదు. చేటలన్నీ సువర్ణ వాకిట్లో చేరాయి. చివరికి తనే చేట పట్టుకొని అక్కడికి పోయింది.

"నాకు మీ మీద కోపం లేదే. భయానికి చెప్పిండ్రు. జర జరుగు, కూసుంట."

సువర్ణ జరగలేదు. చేతిలోని బీడీకి దారం చుడుతూనే అంది.

"నువ్వు తిట్టినా మంచిగుంటుండె. కోపం లేదంటున్నవు సూడు, గదే మేం ఓర్సుకోలేకపోతున్నం. నీ మొఖం సూస్తే మేం చెప్పిన అబద్దమే యాదికొస్తది. పో అక్కా, ఇంకో గల్లీల ఇల్లు కిరాయికి సూస్కో."