ఉమ్మడి గోడకు ఆఖరి వారం

కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే ఆమే వారపత్రికలో పద్దెనిమిదేళ్ళుగా ‘ఉమ్మడి గోడ’ సీరియల్ రాస్తోందని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. కలం పేరు వేరు. కొత్త అద్దాలు బిగించాక దగ్గరి చూపు ఆనుతోందో లేదో చూడమని ఆమె ఆ పత్రికే చేతికిచ్చేది. వచ్చినవాళ్ళు సీరియల్ పేజీ తిప్పి, ఈ అన్నదమ్ములు మాట్లాడుకునేది ఎప్పటికోనని నిట్టూర్చేవారు. ఒకాయనైతే ఆ రాసేవాళ్ళు కనబడితే దులిపేస్తానన్నాడు. ఆమె ఆయన చెవుల వెనక ఫ్రేము సరిచేస్తూ, దులపాల్సిందేనంది.

కథ చిన్నదే. అన్నదమ్ములిద్దరూ ఒకే గోడకు అటూ ఇటూ కాపురం. మొదటి ఏడాదే మాటా మాటా పెరిగి పలకరింపులు మానేశారు. తోడికోడళ్ళు కబుర్లాడుకుంటారు, పిల్లలు గోడ దూకి తిరుగుతారు, వీళ్ళిద్దరు మాత్రం ఎడమొహం పెడమొహం. పదహారు వారాలకని మొదలుపెట్టింది పద్దెనిమిదేళ్ళు నడిచింది. ఇద్దరూ ఎడ్డెమంటే తెడ్డెమనే రకాలే అయినా ఆమెకు ఇద్దరంటే ప్రాణం.

ఒకరోజు ఎడిటరు ఫోన్ చేసి నాలుగు వారాల్లో ముగించమన్నాడు. పత్రికలో పేజీలు తగ్గిస్తున్నారట. ఇన్నేళ్ళు ఓపిక పట్టిన పాఠకులకు కడుపు నిండేలా వడ్డించి పంపాలని మరీ మరీ చెప్పాడు.

ఆమె వడ్డించింది. ఆఖరి వారం కుండపోత వాన, గోడ కూలడం, శిథిలాల మీద అన్నదమ్ముల కౌగిలింత, పేజీన్నర క్షమాపణలు. ఎడిటరు చదివి కళ్ళు తుడుచుకున్నానన్నాడు. అచ్చుకు పేజీ కట్టించేశాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె దాన్ని అత్తగారికి చదివి వినిపించింది. ఎనభై దాటిన ఆ పెద్దావిడకు చూపు మందగించినప్పటి నుంచి ప్రతివారం అదే అలవాటు. కథ నచ్చితే అత్తగారు వంద వంకలు పెడుతుంది. నచ్చకపోతే ఒకే ఒక్క మాట.

“బాగుందమ్మా,” అంది అత్తగారు.

పక్క గదిలోంచి ఆమె భర్త, అయిపోయింది నీ పని అన్నాడు. ఆమె ఏం బాగాలేదో చెప్పమని పట్టుబట్టింది. అత్తగారు దుప్పటి అంచు సవరించుకుంది.

“మా అక్కా నేనూ పదకొండేళ్ళు మాట్లాడుకోలేదు, తెలుసా?”

కోడలిగా వచ్చి ఇరవయ్యారేళ్ళయినా ఆమెకు ఆ సంగతి తెలియదు. దేనికి చెడిందని అడిగింది.

“గుర్తులేదు. ఉన్నా చెప్పను, రాసేస్తావు. ఒకరోజు అదే వచ్చి, మీ ఇంట్లో నిచ్చెన ఉందా అంది. ఉందన్నాను. ఒక కొస అది పట్టుకుంది, ఒక కొస నేను. దారి పొడుగునా చూసి తిప్పవే, చూసి తిప్పవే అని దాని సణుగుడు. వాళ్ళింట్లో బల్బు మార్చాం. అంతే.”

“మరి క్షమాపణలు?”

“ఎవరు ఎవరికి చెప్పాలి? ఆ లెక్క తీస్తే మళ్ళీ మొదటికొచ్చేది.”

కోడలు చేతిలోని కాగితాలు మడిచింది. తర్వాత, ఇది రాసుకోనా అత్తయ్యా అని నెమ్మదిగా అడిగింది.

“రాసుకో. నిచ్చెన మాత్రం వద్దు. ఆ ఊహ మా అక్కది.”

ఆ సాయంత్రమే ఆమె వాననూ కౌగిలింతనూ కొట్టేసింది. కొత్త కథలో అన్న మేడమీదికి బీరువా ఎక్కిస్తుంటే అది మెట్ల మలుపులో ఇరుక్కుంటుంది. గోడవతల నుంచి ఆ చప్పుడు విన్న తమ్ముడు వచ్చి కింది కొస పట్టుకుంటాడు. నీ వైపు కాస్త ఎత్తు అంటాడు అన్న. ఎత్తానుగా అంటాడు తమ్ముడు. కథ అక్కడికి సరి. అది విని అత్తగారు, బీరువాలోని బట్టలు తీయకుండా దాన్ని ఎత్తే తెలివితక్కువవాళ్ళు ఎక్కడైనా ఉంటారా అని కోప్పడింది. ఆమెకు ఊపిరి తిరిగింది.

సోమవారం సగంరోజు సెలవు పెట్టి పత్రికాఫీసుకి వెళ్ళింది. ఎడిటరు నిలబడే చదివి మొహం చిట్లించాడు.

“ఒక్క కన్నీటి చుక్కైనా లేదేమిటమ్మా?”

“తుడుచుకోడానికి వాళ్ళకి చేతులు ఖాళీ లేవండి.”

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తర్వాత లోపలికి కేకేసి, కట్టిన పేజీ విప్పేయమన్నాడు.

ఉత్తరాలు సంచీడు వచ్చాయి. సగం తిట్లే. పద్దెనిమిదేళ్ళు ఎదురుచూస్తే బీరువా చేతిలో పెడతారా అని ఒకాయన నిలదీశాడు. ఎన్నడూ ఉత్తరం రాయని ఒకావిడ మాత్రం నాలుగే వాక్యాలు రాసింది. ‘మా తమ్ముడింటికి వెళ్ళి కుట్టుమిషను అడిగి తెచ్చుకున్నాను. ఆరేళ్ళయింది ఆ గడప తొక్కి. వాడే ఆటోలో పెట్టాడు. నాకు కుట్టడం రాదు.’

కోడలు ఆ ఉత్తరం అత్తగారికి చదివి వినిపిస్తూ రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఆవిడ తొందరపెట్టకుండా విని, “తిరిగి ఇచ్చేటప్పుడు ఎవరితోనూ పంపకుండా తనే వెళ్ళమని రాయి,” అంది.

కోడలు అప్పుడే కార్డు తీసి రాసింది.