శనివారం సెలవు పోయిన స్కూల్ వ్యాన్

మా చిన్నప్పుడు శనివారమొస్తే మాకే కాదు, మా స్కూల్ వ్యాన్లకీ సెలవే...

ఉత్తరాదిన మేమున్న మయూర్ విహార్‌లో నాన్నకి రెండు స్కూల్ వ్యాన్లుండేవి. ఒక శనివారం ఒకటి, మరుసటి శనివారం రెండోది మెకానిక్ షెడ్డుకి వెళ్ళేవి. చెడినా చెడకపోయినా సరే... ఆయిలు మార్చి, బ్రేకులు విప్పి చూడాల్సిందే. "రోడ్డు మీద ఆగాక బాగుచేయించడం కాదమ్మా, ఆగకుండా చూసుకోవాలి" అనేవారు.

సూరిబాబుని నాన్నే కాకినాడ వైపు నుంచి డ్రైవరుగా తెచ్చుకున్నారు. పిల్లలందరికీ సూరి భయ్యా. నాకు మాత్రం సూరి మావయ్య. పొద్దున్నే తడి తుండుతో సీట్లన్నీ తుడిచి, మా వంటింటి గడపలో కూర్చుని చద్దన్నం తిని బయల్దేరేవాడు.

తర్వాత ఒక ఆఫీసువాళ్ళు తమ స్టాఫ్ కోసం శనివారాలు వ్యాన్లు కావాలన్నారు. అంతే... బండ్లకి సెలవు పోయింది. "వేసవిలో అన్నీ ఒకేసారి చేయిద్దాంలే" అన్నారు నాన్న.

పరీక్షల రోజులవి. ఆ పొద్దున సూరి మావయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"బ్రేకు అడుగంటా దిగిపోతందండీ... ఇయ్యాల బండి తియ్యొద్దండీ."

"పరీక్షలప్పుడు బండి ఆపితే పేరెంట్స్ ఊరుకుంటారట్రా? మెల్లగా తోలు."

నేను ముందు సీట్లో ఉన్నాను. ఫ్లైఓవర్ దిగుతుంటే బ్రేకు పడలేదు. కింద ఎర్ర లైటు... దాని ముందు స్కూటర్లు, రోడ్డు దాటుతున్న జనం. "గట్టిగా పట్టుకోండర్రా!" అని అరిచి, తన వైపు నలిగేలా బండిని డివైడర్‌కి కొట్టేశాడు సూరి మావయ్య.

మాకు గీరుకుపోయిందంతే. ఆయన కుడికాలు నుజ్జయిపోయింది. జనం ఆయన్ని బయటికి లాగి, ఆ కాలు అలా వేలాడుతుండగానే కొట్టారు. తాగి నడిపాడన్నారు.

నాన్న వచ్చారు. పేరెంట్స్ కూడా. "బ్రేక్ ఖరాబ్ థా క్యా?" బ్రేకు ముందే చెడిపోయిందా అని ఒకాయన గట్టిగా అడిగాడు. నాన్న ఆయన్ని దాటుకుని తిన్నగా వెళ్ళి, కింద పడున్న సూరి మావయ్యని చెంప మీద కొట్టారు. ముందే ఎందుకు చెప్పలేదని, అందరికీ వినపడేలా, హిందీలో...

సూరి మావయ్య నాన్నకేసి చూశాడు.

"పొద్దున్న చెప్పాను కదండీ..."

తెలుగులో అన్నాడు. అక్కడ తెలుగొచ్చింది నాన్నకీ నాకూ మాత్రమే.

"క్యా బోల్ రహా హై?" ఏమంటున్నాడని అడిగారెవరో.

"మాఫీ మాంగ్ రహా హై" అన్నారు నాన్న. క్షమించమంటున్నాడట!

మోకాలి కింద కాలు తీసేశారు. ఆస్పత్రి నుంచి అటే ఊరికి రైలెక్కించేశారు నాన్న. కొత్త డ్రైవరు వచ్చాడు. ఓనరంటే ఇలా స్ట్రిక్టుగా ఉండాలని మా అపార్ట్‌మెంట్ సొసైటీ ఆంటీలు నాన్నని మెచ్చుకున్నారు. ఆ మెప్పుతోనే మూడో వ్యాను కూడా వచ్చింది...

ఇప్పుడు మా అమ్మాయి బస్సు ఏ మలుపులో ఉందో ఫోన్లో చుక్కలా కనిపిస్తుంది. ఏసీ, కెమెరా, అన్నీ ఉన్నాయి. డ్రైవరు పేరేంటే అని అడిగితే మాత్రం, "పతా నహీఁ మమ్మా... భయ్యా హై" అంటుంది. పేరు తెలీదట, ఉట్టి భయ్యానేనట!

మిమ్మల్ని బడికి తీసుకెళ్ళిన మనిషి పేరు మీకు గుర్తుందా? తర్వాత ఆయన ఏమయ్యాడో తెలిసిందా? కింద రాయండి... పేర్లయినా చదువుకుందాం.