ఇరవై ఆరో గుండీ

మా ఇంట్లో బడి పొద్దున పదకొండు గంటలకు మొదలయ్యేది. ఎందుకంటే సారు నిద్ర లేచేది అప్పుడే. సారు అంటే నేనే. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నాది రాత్రి డ్యూటీ. పొద్దున్నే తంగళ్ళపల్లిలోని ఇంటికి చేరి, ఇంత తిని పడుకుంటే, పదకొండింటికల్లా నా నాలుగేళ్ళ బిడ్డ పొట్ట మీదెక్కి కూర్చుని బెల్లు కొట్టేది. బెల్లంటే స్టీలు గ్లాసు మీద చెంచా.

ఈ ఉద్యోగానికి నా అర్హత ఏడో తరగతి. ఆ ఏడాది పరీక్షలు రాసి, సెలవుల్లో ఊరికే ఉండడమెందుకని కండెలకు దారం చుట్టడానికి పోయాను. ఆ వేసవి సెలవులు నాకింకా అయిపోలేదు.

అలాంటి నన్ను సారును చేసింది నా భార్య. తను బట్టలు కుట్టే కంపెనీలో చేరింది. పొద్దున పోతే సాయంత్రానికి వస్తుంది. పిల్లను చూసుకోవడానికి కోరుట్ల నుంచి మా అత్త వచ్చింది. ఆవిడ చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన మనిషి. ఇక్కడికొచ్చినా చేతులు ఊరుకోలేదు. పక్కింటామె ఆకూ తంబాకూ తెచ్చిస్తే, ఒళ్ళో చాట పెట్టుకుని రోజంతా చుడుతూనే ఉంటుంది. పిల్లను చూసుకోవడం అంటే ఆవిడ లెక్కలో, కళ్ళతో చూడడమే.

ఒక ఆదివారం నా భార్య వాళ్ళ అక్కతో గంటసేపు ఫోన్లో మాట్లాడి వచ్చి నా ముందు కూర్చుంది. ఆ అక్క, అంటే మా వదిన, జగిత్యాలలో ఒక ఇంగ్లిష్ మీడియం బడిలో చిన్నపిల్లలకు టీచరు. ఇద్దరు కొడుకులూ హాస్టల్లో ఉంటారు. ఇంట్లో చెప్పిన మాట వినేవాళ్ళు లేక ఆవిడకు తోచదు.

"జూన్ల బడులు తెరుస్తరు. అప్పటిదాంక దీనికి రంగులు, అంకెలు రాకపోతే అక్క తీస్కపోతనన్నది," అంది నా భార్య.

"తీస్కపోయి?"

"జగిత్యాల్లనే ఉంచుకుంటది. వాళ్ళ బడిల్నే ఏస్తది. నెలకోసారి మనం పోయి చూసొద్దాం."

"పిల్లనా ఎగ్జిబిషనా, పోయి చూసొచ్చుటానికి?"

"నవ్వులాట కాదు. నాకు మాత్రం ఇష్టమా? గని సదువు లేక అది నీ లెక్క కావద్దు."

నేను ఏ మాటకైనా ఎదురు జోకు వేస్తాను. ఆ మాటకు మాత్రం లేచి మంచినీళ్ళు తాగాను. నెలకోసారి. రోజూ పొట్ట మీద కూర్చునే పిల్లను నెలకోసారి చూడడం.

మరుసటి రోజు నుంచే బడి పెట్టాను.

సిలబస్ అంతా వదిన ఫోన్లో పంపింది. ఐస్‌క్రీం పుల్లలు, రంగు కాగితాలు, మెరుపుల పొడి, బొమ్మలకు అతికించే గుడ్లు తిరిగే కళ్ళు. సిరిసిల్ల బజారులో పుస్తకాల షాపుకు పోయి అడిగాను.

"గుడ్లు తిరిగే కండ్లున్నయా?"

షాపాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఎవలకు?"

"బొమ్మకు."

"మనిషికైతే ఎదురుంగ అద్దాల షాపున్నది. బొమ్మకైతే లెవ్వు," అన్నాడు.

ఇక సొంత సరుకే దిక్కయింది. మాకేం తక్కువ? సాంచాల దగ్గర దారం అయిపోయిన ఖాళీ కోన్లు, తెగిపోయిన దారాల కుప్పలు. నా భార్య కంపెనీ నుంచి, పారేసే వాటిలోంచి అడిగి తెచ్చిన రకరకాల గుండీలు. అత్త తునికాకు కత్తిరించగా మిగిలిన ముక్కలు. వాటిని కడిగి ఆరబెట్టి ఇస్తేనే పిల్ల చేతికి. తంబాకు చాటకు రెండు మూరల దూరంలో సుద్దగీత గీసి పెట్టింది నా భార్య. ఆ గీత దాటితే బడికి సెలవు, సారుకు తిట్లు.

మొదటి రోజు కోన్‌కు గుండీ కళ్ళు పెట్టి, తెల్లదారం వెంట్రుకలు అతికించి అమ్మమ్మ బొమ్మ చేశాం. గమ్ము బొమ్మకన్నా మాకే ఎక్కువ అంటింది. పిల్ల దాన్ని తీసుకెళ్ళి అత్త ముందు పెట్టింది.

"అమ్మమ్మా, గిది నువ్వే."

అత్త బీడీ చుట్టడం ఆపకుండానే చూసింది. "నాకు గన్ని ఎంటికలు ఏడున్నయే? మీ నాయిన నన్ను ఎక్కిరిస్తుండు."

"ఎక్కిరిస్తలేను అత్తా, సోకు చేస్తున్న," అన్నాను.

"గట్లయితే నోరెందుకు పెట్టలే?"

"ఒక్క దినమన్న మీరు మాట్లాడకుంట ఉంటే చూద్దామని."

చాటలోంచి ఒక ఆకుముక్క ఎగిరొచ్చి నా నెత్తిన పడింది. దాన్నే కడిగి ఆ రోజు మూడో పీరియడ్‌లో చేప బొమ్మ చేశాం.

రంగుల పాఠం నాకు నల్లేరు మీద నడకనుకున్నాను. దారాల మధ్యే కదా బతుకు. వారం తిరిగేసరికి పిల్ల ఏ దారం చూపించినా టకటకా చెప్పేది. వదిన వీడియో కాల్‌లో ఒక గులాబీ రంగు అట్ట చూపించి "ఇది ఏం కలర్?" అని అడిగింది.

"రాణి కలర్," అంది నా బిడ్డ.

"పింక్ అనాలె బుజ్జీ."

"పింక్ అంటే ల్యాతగుంటది పెద్దమ్మా. గిది రాణి."

పక్కనే ఉన్న నేను ఫోన్‌లోకి తల దూర్చి, "పిల్ల కరెక్టే వదినా, గా రంగు చీర కొననీకి పోయి పింక్ అని అడిగితే మీకు ఏరేది ఇస్తరు," అన్నాను. వదిన ఫోన్ పెట్టేసింది. సిగ్నల్ పోయిందని నా భార్యకు చెప్పాను.

అంకెలు మాత్రం నేను నేర్పలేదు. వాటంతట అవే వచ్చాయి. నేను స్నానానికో సరుకులకో పోయినప్పుడు పిల్ల సుద్దగీత ఇవతల కూర్చుని, అమ్మమ్మ బీడీలు లెక్కపెడుతుంటే తనూ లెక్కపెట్టేది. అత్తది పాట పాడినట్టుండే లెక్క. ఒకటి, రెండు, మూడు అంటూ పోయి ఇరవై ఐదు కాగానే "కట్ట" అని దారంతో బిగించి పక్కన పెడుతుంది. మళ్ళీ ఒకటి. పిల్ల కూడా అలాగే గుండీలు లెక్కపెట్టి, "ఇర్వై ఐదు, కట్ట" అని కుప్ప చేసి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. నాలుగు కుప్పలు చేస్తే నేనూ అత్తా చప్పట్లు కొట్టేవాళ్ళం.

"వంద దాంక లెక్క అచ్చింది వదినా," అని ఫోన్‌లో గొప్పగా చెప్పాను కూడా. అబద్ధం కాదు. నాలుగు ఇరవై ఐదులు వందే కదా. ఇందులో ఏదో లోటుందని మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. బీడీల ఇంట్లో లెక్కంటే అదే.

మే నెల చివరి ఆదివారం వదిన వేములవాడలో బస్సు మారి పరీక్ష పెట్టడానికి వచ్చింది. చేతిలో అట్టల కట్ట, ముఖాన టీచరు కళ్ళద్దాలు. నా భార్య ఎందుకైనా మంచిదని పిల్ల బట్టలు ఒక బ్యాగులో సర్ది తలుపు పక్కన పెట్టింది. ఆ బ్యాగు వైపు చూడకుండా ఇంట్లో తిరగడం నాకు చాలా కష్టమైంది. చిన్న ఇల్లు.

రంగులు అయ్యాయి. రాణి కలర్ దగ్గర వదిన వాదించకుండా ముందుకు పోయింది. కోన్ బొమ్మలు, ఆకు చేపలు చూసి తల ఊపింది. తర్వాత ఒక గిన్నెడు చింతగింజలు నేల మీద పోసి, "ఇవి లెక్కపెట్టు బుజ్జీ," అంది.

పిల్ల ఒక్కో గింజా జరుపుతూ పాటలా లెక్కపెట్టింది. నేను కూడా లోపల్లోపల పాడుతున్నాను.

"ఇర్వై నాలుగు, ఇర్వై ఐదు, కట్ట. దారమేది పెద్దమ్మా?"

"దారమెందుకే?"

"కట్టాలె గద."

"కట్టుడు తర్వాత. ఇర్వై ఐదు తర్వాత ఏమస్తది?"

పెద్దమ్మకు ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చూసింది పిల్ల. "ఒకటి."

"కాదు. మంచిగ ఆలోచించు."

"ఒకటే!" అంది, గొంతు పెంచి.

వదిన కళ్ళద్దాలు తీసింది. నా భార్య నా వైపు చూసింది. నేను బ్యాగు వైపు చూశాను. వంద దాకా వచ్చని చెప్పిన పెద్దమనిషిని నేనే.

నవ్వింది ఎవరయ్యా అంటే మా అత్త. చాట పక్కన పెట్టి మరీ నవ్వింది.

"అచ్చం నీ లెక్కనే ఉన్నది," అంది పెద్దబిడ్డతో. "ఒకటో తరగతిల నువ్వు గిట్లనే ఇర్వై ఐదు కాంగనే కట్ట అన్నవని సారు నిలవెట్టలేదా? ఏడ్సుకుంట ఇంటికి అచ్చినవ్. గప్పుడు కట్టలు కట్టింది నేనే, ఇప్పుడు కట్టింది నేనే. తప్పంత నాదే, అల్లున్ని ఎందుకు చూస్తరు?"

వదిన చింతగింజలు కుప్ప చేస్తూ, "క్లాసుల నోటుబుక్కులు లెక్కవెడితే గిప్పటికి ఇర్వై ఐదు కాడ చెయ్యి ఆగుతదమ్మా," అంది నెమ్మదిగా. "పిల్లలకు దెల్వకుంట మళ్ళ నడిపిస్త."

నా భార్య ఆశగా ముందుకు జరిగింది. "అయితే ఇక్కడనే ఉంచుదామా అక్కా?"

వదినలోని అక్క మెత్తబడింది గానీ టీచరు మెత్తబడలేదు. "నిలవెట్టిచ్చుకున్నదాన్ని నాకు తెలుసు. ఇదిగూడ నిలవడుడెందుకు? ఐదింటి బస్సుకు పోత. అంతలో ఇర్వై ఆరు అన్నదనుకో, ఇక్కడి బడిల్నే ఏయండి. అనలేదనుకో, బ్యాగు నాతోని అస్తది. మరిదీ, నీకు మూడు గంటలున్నయి."

జీవితంలో నాకు మళ్ళీ పరీక్ష వచ్చింది.

మొదటి గంట కోన్లు వరసగా నిలబెట్టాను, వాకిట్లోంచి గేటు దాకా. పిల్ల ఇరవై ఐదో కోన్ దగ్గర ఆగి వెనక్కి తిరిగి వచ్చింది. రెండో గంట బిస్కెట్లు పెట్టాను. ఇరవై ఆరో బిస్కెట్ లెక్కపెట్టకుండానే తినేసింది. "ఇర్వై ఆరు అను బిడ్డా" అంటే అనేది. లెక్కలో పెడితే అనేది కాదు. ఆ మాట వచ్చు, దానికి చోటే లేదు.

అలసిపోయి గుండీల డబ్బా ముందు కూర్చున్నాను. పిల్ల ఆకుపచ్చ దారానికి గుండీలు గుచ్చుతోంది. ఆ దారం చూస్తుంటే నా చేతికి తెలిసిన సంగతి అప్పుడు తలకెక్కింది. సాంచా మీద దారం తెగితే మేమేం చేస్తాం? ముడేసి నడిపిస్తాం. తెగినప్పుడల్లా చీర మొదటి నుంచి నేస్తే ఒక్క చీరయినా దిగదు.

"బిడ్డా, ఇర్వై ఐదు గుచ్చినవా?"

"గుచ్చిన. కట్ట."

"కట్టు మరి. గట్టిగ ముడెయ్యి."

ఇద్దరం కలిసి పెద్ద ముడి వేశాం. దారం తెంపబోయింది. చెయ్యి పట్టుకున్నాను.

"తెంపకు. దారం ఇంక మస్తున్నది. ఊకె పారేస్తమా?"

తను కాసేపు దారం కొస వైపు చూసింది. ముడి అవతల ఐదు గుండీలు గుచ్చింది. నోరు తెరిచి మాత్రం ఏమీ అనలేదు. ఇంతలో వదిన, "మరిదీ, నాలుగున్నరయింది," అంది.

బస్టాపుకు అందరం నడిచాం, అత్త కూడా. బ్యాగు నా భుజాన ఉంది. చిన్నపిల్ల బట్టలు అంత బరువుంటాయని నాకు తెలియదు. పిల్ల ఆ గుండీల దండ మెళ్ళో వేసుకుని నా వేలు పట్టుకుంది. ఎక్కడికి పోతున్నామని కూడా అడగలేదు.

బస్సు వచ్చింది. వదిన ఒక కాలు మెట్టు మీద పెట్టి బ్యాగు కోసం చెయ్యి చాపింది. ఆడవాళ్ళ ఉచిత టికెట్‌కు చూపించే ఆధార్ కార్డు రెండో చేతిలో ఉంది. నా భార్య అటు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను బ్యాగు భుజం మీంచి దించుతున్నానే గానీ, అది దిగడం లేదు.

మా కాళ్ళ దగ్గర పిల్ల దండతో ఆడుకుంటోంది.

"ఇర్వై నాలుగు, ఇర్వై ఐదు, కట్ట."

వేలు ముడి మీద ఆగింది.

"ఇంక ఉన్నయి డాడీ."

"ఉంటయి మరి," అన్నాను.

వేలు ముడి దాటింది. "ఇర్వై... ఆరు. ఇర్వై ఏడు."

"అమ్మా, ఎక్కుతరా లేదా?" అని కండక్టర్ అరిచాడు.

"ఆగయ్యా, ఇంక మూడున్నయి," అంది వదిన.

ముప్పై అయ్యేదాకా బస్సు ఆగింది. వదిన బ్యాగు వదిలేసి పిల్ల మెళ్ళో దండ తీసుకుంది. "గిది నాకు గావాలె. నా క్లాసుల చూపిస్త," అని ఎక్కి కూర్చుంది. కిటికీలోంచి నాకు వేలు చూపించి, "రోజు వీడియో పంపాలె సారూ!" అంది. బస్సు కదలగానే పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. పెద్దమ్మ పోయినందుకు కాదు, దండ పోయినందుకు.

బ్యాగు మళ్ళీ భుజానికెత్తాను. ఈసారి ఏం బరువు లేదు.

"నడు సారూ, ఇంటికి నడు. గుండీలు నేను తెస్త," అంది నా భార్య.

పిల్ల ముక్కు నా ప్యాంటుకు తుడుచుకుని, "ఈసారి పొడుగు దారం తియ్యి డాడీ," అంది.