రజియా చిన్నమ్మ చదివిన ఉత్తరాలు

అమ్మ ఇనుప పెట్టె మూత ఎత్తితే ఇప్పటికీ తునికాకు వాసన వస్తుంది. బీడీలు చుట్టడం మానేసి ఏళ్లయినా ఆ వాసన పెట్టెను వదల్లేదు. పోయిన నెల అది సర్దుతుంటే చీరల అడుగున ఉత్తరాల కట్ట దొరికింది. మా నాన్న దుబాయి నుంచి రాయించినవి, అన్నీ ఉర్దూలోనే. నాన్నను మేం బాపు అంటాం.

మాది కోరుట్ల పక్కన ఊరు. అమ్మకు ప్రపంచమంటే పాస్‌పోర్టు పనికి జగిత్యాల, గోదారి స్నానానికి ధర్మపురి, బతుకమ్మ పండుగకు చీరలొచ్చే సిరిసిల్ల, వాటన్నిటికీ అవతల బాపు ఉండే దుబాయి. పొద్దు వాలే వేళ వాకిట్లో చాటలు ముందేసుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ల మాటల్లో తెలుగూ ఉర్దూ కలిసిపోయేవి, సిరిసిల్ల నుంచి కోడలిగా వచ్చినామె మహారాష్ట్రలోని భీవండి మగ్గాల మధ్య పెరిగింది గనుక కోపమొస్తే మరాఠీలో తిట్టేది. రొట్టెలు విరిచి, బెల్లం, నెయ్యి వేసి పిసికి అమ్మ బతుకమ్మకు చేసే మలీదనే పీర్ల పండుగకూ చేసేది. ఏ పండుగదని మేమెప్పుడూ అడగలేదు, ఇంకో ముద్ద ఉందా అని మాత్రం అడిగేవాళ్లం.

బాపుకు రాత రాదు. అక్కడ గదిలో తోడున్న జగిత్యాలాయనకు ఉర్దూ తప్ప వేరే రాత రాదు. బాపు తెలుగులో చెబితే ఆయన ఉర్దూలో రాసేవాడు. మా ఊరొచ్చాక దాన్ని మళ్లీ తెలుగులో చెప్పేది దర్జీ భార్య రజియా చిన్నమ్మ. అమ్మ చెప్పే జవాబులు ఉర్దూలో రాసిపెట్టేదీ ఆమే. కుట్టుమిషన్ ఆపి, కళ్లజోడు కొంగుతో తుడిచి, ముందు తనలో తాను చదువుకునేది. అంతసేపూ అమ్మ ఆమె మొహాన్నే చూసేది.

నేను ఏడో తరగతి పూర్తిచేసిన ఎండాకాలం అమ్మ నా ముందు చాట, కత్తెర పెట్టింది. మా వాడలో ఆడపిల్లల చదువు అక్కడికే ఆగేది. బీడీల్లో నేను ఒట్టి మొద్దును, ఒకటి లావు, ఒకటి సన్నం.

"ఇగ బడి సాలు. నువ్వు గూడ సదువుకుంట కూసుంటె ఇల్లెట్ల గడుస్తది?" అంది అమ్మ. ఆ వారమంతా ఏడ్చాను.

అప్పుడే ఉత్తరం వచ్చింది. రజియా చిన్నమ్మ క్షేమాలు చదివింది, అక్కడి ఎండల గురించి చదివింది, చివర్లో కాగితం మీంచి కళ్లెత్తి నా వైపు చూసింది.

"బిడ్డ సదువు ఆపకు, నేనొచ్చేదాక బడికి తోలు అని రాసిండు."

"గట్లనే రాసిండా?"

"గట్లనే రాసిండక్కా."

అమ్మ చాట తీసేసింది. తర్వాత వచ్చిన ప్రతి ఉత్తరంలోనూ ఆ మాట ఉండేది. నేను పది పాసయ్యాను, ఇంటరుకు కోరుట్ల బస్సెక్కాను, టీచర్నయ్యాను. ఏళ్ల తరబడి కంటికి కనబడని బాపు మీద నాకు అంత ప్రేమ ఉండటానికి ఆ ఒక్క మాటే కారణం.

దొరికిన ఉత్తరాలు మా బడిలో ఉర్దూ సారుకు ఇచ్చాను. భోజనాల వేళ ఒక్కొక్కటే చదివి చెప్పాడు. ఎండలు, అమ్మ మోకాళ్ల నొప్పి, బర్రె ఈనిందా లేదా. చివరిది మడిచి, "గింతే మేడమ్" అన్నాడు. నా చదువు ఊసే లేదు. మళ్లీ చూడమన్నాను. మళ్లీ చూసి తల అడ్డంగా ఊపాడు.

ఇంటికొచ్చి, దుబాయి వదిలొచ్చి ఇంటిపట్టునే ఉంటున్న బాపును అడిగాను.

"నేనేం చెప్పలే బిడ్డా. మీ అమ్మనే బడికి తోల్తున్ననని జాబు రాయించింది. మంచిదే అనుకున్న."

ఇప్పుడు మా వాడలో ఎవరి మనిషి ఏ దేశంలో ఉన్నా ఫోన్లో మొహం కనబడుతుంది, చదివిపెట్టే మనిషితో పని లేదు. చిన్నమ్మ కుట్టుమిషన్ ఉన్న అరుగు మీద సెల్‌ఫోన్ల దుకాణం పెట్టారు. ఆమె పోయి చాలా కాలమైంది, ఒక్క మాట చెప్పుకునే వీలు నాకు లేకుండా పోయింది.

అమ్మకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ఇంటికి ఎవరొచ్చినా, "దీన్ని సదివిచ్చింది వాళ్ల బాపే" అంటుంది. ఇదివరకు బాపు తల ఊపేవాడు. ఇప్పుడు నా వైపు ఒకసారి చూసి, లేచి పెరట్లోకి వెళ్లిపోతున్నాడు.